లేఆఫ్ అయ్యాక నేను నెట్టుకొచ్చిన సంగతి

ఉద్యోగం పోయిన బాధ కంటే ఆ మాట ఇంట్లో ఎలా చెప్పాలన్న బెంగే నన్ను ఎక్కువ తినేసింది. మా ఆయనకి ఆ రాత్రే చెప్పా. అత్తయ్యకి మాత్రం నోరు రాలేదు, రోజూలాగే రెడీ అయ్యి కొండాపూర్‌లో ఫ్రెండ్ ఫ్లాట్‌కి పోయి సాయంత్రం దాకా నౌకరీ డాట్ కామ్ చూస్కుంటూ కూర్చునేదాన్ని. చివరికి తెలిసిపోయింది. "మరి ఇన్నాళ్లూ పొద్దున్నే లేచి ఆ బాక్స్ ఎవరికోసం కట్టానే?" అంది ఆవిడ. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి, ఆ తర్వాతే కాస్త నిద్ర పట్టింది.

ఇక లెక్కలు. కంపెనీ ఇచ్చిన ఆఖరి సెటిల్‌మెంట్ షీట్‌లో గ్రాట్యుటీ, అదే సర్వీస్‌ని బట్టి వెళ్లేటప్పుడు ఇచ్చే డబ్బు, 6 ఏళ్లకే వేశారు, నా సర్వీస్ 6 ఏళ్ల 8 నెలలు. ఆరు నెలలు దాటితే ఇంకో ఏడాదిగా లెక్కేయాలి కదా. నా బేసిక్ 52,000, దాన్ని 26తో భాగించి 15తో గుణిస్తే ఏడాదికి 30,000, ఏడేళ్లకి 2,10,000 అని మెయిల్ పెట్టా, మారుమాట్లాడకుండా సరిచేసి పంపారు. అడక్కపోతే 30,000 పోయేవే!

అసలు భయం అత్తయ్య ఇన్సూరెన్స్ గురించి. ఆవిడకి షుగర్, బీపీ. కంపెనీ గ్రూప్ పాలసీ మన లాస్ట్ వర్కింగ్ డేతోనే ఆగిపోతుంది, బయట కొత్తగా తీస్కుంటే పాత జబ్బులకి మూడేళ్ల దాకా వెయిటింగ్ పెట్టొచ్చు, అంటే అప్పటిదాకా వాటికి క్లెయిమ్ రాదు. అందుకే ఇంకా కంపెనీ రోల్స్‌లో, అంటే ఉద్యోగుల లిస్టులో, ఉండగానే అదే ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేసి, ఇండివిడ్యువల్ పాలసీకి మార్చమని అప్లై చేశా, గ్రూప్‌లో గడిచిన ఏళ్లు వెయిటింగ్‌లో కలిశాయి. ప్రీమియం మాత్రం గట్టిగానే పడింది.

పీఎఫ్ తీసేయమని చుట్టాలంతా ఒకటే పోరు, ఫోన్ చేసిన ప్రతివాళ్లూ ఫైనాన్స్ ఎక్స్‌పర్టులే. నేను ముట్టుకోలేదు. సెటిల్‌మెంట్ డబ్బుల్లోంచి ఆరు నెలల హోమ్ లోన్ ఈఎంఐ వేరే అకౌంట్లో పడేశా, మిగిలినదాంతోనే ఇల్లు నడిపాం, కారు ఎక్కువగా కిందే ఉండిపోయింది.

ఇంటర్వ్యూల్లో గ్యాప్ గురించి అడిగితే మొదట్లో గొంతు వణికేది, తర్వాత్తర్వాత లేఆఫ్ అని సూటిగా చెప్పేసి నేను చేసే సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ టాపిక్‌లోకి వెళ్లిపోయేదాన్ని. ఇప్పుడు వచ్చింది కాంట్రాక్ట్ జాబ్, జీతం ఇదివరకటికంటే తక్కువే, పీఎఫ్ మాత్రం పాత యూఏఎన్‌లోనే (పీఎఫ్ నంబర్) పడుతోంది.