రివ్వార్ ఎలా రివీర్ అయ్యాడు: ఒక హ్యూగెనాట్ కంసాలి వెనకాల నా వెతుకులాట

మా కోడలు మసాచుసెట్స్ అమ్మాయి. వాళ్ల అమ్మమ్మ వైపు మూలపురుషుడొకాయన హ్యూగెనాట్ల (ఫ్రాన్స్ ప్రొటెస్టెంట్ల) బిడ్డ అని ఇంట్లో చెప్పుకుంటారు. కాగితం ఒక్కటీ లేదు. రిటైరయ్యాక నాకు పట్టిన పిచ్చి ఇదే కాబట్టి ఆ పని నాకు అప్పజెప్పారు. నేరుగా దాని మీద పడకుండా, ముందు జవాబులు తెలిసిన మనిషి మీద చెయ్యి తిప్పుకుందామని అపోలోస్ రివ్వార్‌ని ఎంచుకున్నాను. 1775లో రాత్రివేళ గుర్రమెక్కి వెళ్లి, ఇంగ్లిష్ సైన్యం వస్తోందని హెచ్చరించిన పాల్ రివీర్‌కి ఈయన కన్నతండ్రి.

ఫ్రాన్స్ సంగతి క్లుప్తంగా. ప్రొటెస్టెంట్లకి 1598లో ఇచ్చిన మతస్వేచ్ఛని పద్నాలుగో లూయీ 1685లో రద్దు చేశాడు. లక్షల మంది దేశం దాటిపోయారు, చాలామంది అక్కడే తలొంచుకుని ఉండిపోయారు. రివ్వార్ వాళ్లు ఉండిపోయినవాళ్లు. బోర్డోకి తూర్పున సాంత్ ఫువా లా గ్రాంద్ దగ్గర రియోకో అనే పల్లె వాళ్లది. అపోలోస్ 1702 నవంబర్ 30న పుట్టాడని, 1715 నవంబర్ 21న గెర్న్సీ దీవికి బయల్దేరాడని తండ్రి రాసి పెట్టుకున్నాడు. అంటే పదమూడేళ్లు నిండడానికి ఇంకా తొమ్మిది రోజులుంది. గెర్న్సీలో ఉన్న సైమన్ అనే బంధువు బాస్టన్ ఓడ ఎక్కించాడు.

బాస్టన్‌లో ఇంటిపేరు పట్టుకుని వెతికితే పని జరగదు. రివ్వార్, రివోయిర్, రెవీర్, రివీర్... గుమాస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా రాశాడు. అపోలోస్ కూడా పాల్ అయిపోయాడు. ఊళ్లోవాళ్లకి నోరు తిరగాలని మార్చుకున్నాడంటారు. నేను చేసిందేమిటంటే, ఆయన్ని వదిలేసి ఆయన యజమానిని పట్టుకోవడం.

అపోలోస్ అప్రెంటిస్‌గా పని నేర్చుకున్న యజమాని జాన్ కోనీ. బాస్టన్‌లో పేరున్న వెండిపని కంసాలి, 1722లో చనిపోయాడు. కోర్టువాళ్లు రాసిన ఆయన ఆస్తి జాబితాలో ఇంటి సామానుతో పాటు ఈ కుర్రాడి 'కాలం' కూడా ఒక పద్దుగా ఉంది: ఒప్పందంలో ఇంకా సుమారు మూడున్నరేళ్లు మిగిలింది, విలువ 30 పౌండ్లు. ఆ తర్వాత లెక్కల్లో, అంచనా కంటే 10 పౌండ్లు ఎక్కువ వచ్చిందని జమ. మొత్తం 40 పౌండ్లు కట్టి కుర్రాడు తన స్వేచ్ఛ తాను కొనుక్కున్నాడన్నమాట. మూడున్నరేళ్లు కలిపి చూస్తే, లేకపోతే 1726 దాకా అప్రెంటిస్‌గానే ఉండేవాడని తేలుతుంది. ఈ పద్దుల్లో వృత్తి, యజమాని, చేతిలో డబ్బు అన్నీ దొరికాయి. ఏ జనన ధ్రువపత్రమూ ఇంత చెప్పదు.

ఇలాంటివి చదవడం మన పాత కరణం దస్తావేజు చదవడం లాంటిదే, మొదట్లో ఒక్క ముక్కా అర్థం కాదు. పదం మధ్యలో ఎస్ అక్షరం ఎఫ్‌లా కనిపిస్తుంది. అంకెలతో మొదలుపెట్టండి, తర్వాత సామాను పేర్లు, చివరికి మనుషుల పేర్లు. ఫ్యామిలీసెర్చ్ సైట్‌లో ఉచిత ఖాతా చాలు. అమెరికా ప్రొబేట్ రికార్డుల (చనిపోయినవాళ్ల ఆస్తి గురించి కోర్టులు రాసిన కాగితాల) చేతిరాతలో వెతికే 'ఫుల్ టెక్స్ట్' సౌకర్యం అక్కడుంది. కొన్ని చిత్రాలు మాత్రం వాళ్ల కేంద్రానికో అనుబంధ లైబ్రరీకో వెళ్తేనే తెరుచుకుంటాయి.

తేదీల టెన్షన్ ఇంకోటి. 1752 దాకా ఇంగ్లిష్ వలసల్లో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది, పైగా 1700 తర్వాత ఫ్రాన్స్ క్యాలెండర్‌కి 11 రోజులు వెనక. కొడుకు పాల్ బాప్టిజం చర్చి పుస్తకంలో 1734 డిసెంబర్ 22. మన లెక్కన అది 1735 జనవరి 2. నేను కాగితంలో ఉన్నది ఉన్నట్టే ఎక్కించి, మార్చిన తేదీ పక్కన నోట్‌లో పెడుతున్నాను. లేకపోతే పిల్లాడు పెళ్లికి ముందే పుట్టినట్టు కూడా కనిపించగలడు!

పెళ్లి 1729లో, డెబోరా హిచ్‌బోర్న్‌తో. ఆమెది ఇంగ్లిష్ కుటుంబం. బాస్టన్ స్కూల్ స్ట్రీట్‌లో ఫ్రెంచ్ ప్రొటెస్టెంట్ల చర్చి ఒకటి ఉండేది, 1748లో మూతపడింది. హ్యూగెనాట్ అనగానే అందరూ అటే పరిగెడతారు. కానీ పై బాప్టిజం దొరికేది న్యూ బ్రిక్ అనే ఇంగ్లిష్ చర్చిలో. నా మట్టుకు భార్య తరఫువాళ్లే మంచి దారి.

1730 మే నాటి ఒక బాస్టన్ పత్రికలో చిన్న ప్రకటన ఉంది: గోల్డ్‌స్మిత్ పాల్ రివీర్ టౌన్ డాక్ దగ్గరి కెప్టెన్ పిట్స్ ఇంటి నుంచి నార్త్ ఎండ్‌కి, కల్నల్ హచిన్సన్ ఇంటి ఎదురుగా మారాడని. దుకాణం మారిన ముచ్చట మనకి చిరునామా అయింది. ఆయన 1754లో చనిపోయాడు, గ్రానరీ శ్మశానంలో పాతిపెట్టారు.

ఇక కోడలి వాళ్ల పెద్దాయన. పీపాలు చేసేవాడని ఇంట్లో మాట. అందుకే ఆయన పేరు పక్కన పెట్టి, బాస్టన్ ఉన్న సఫోక్ కౌంటీలో 1720 నుంచి 1750 లోపు చనిపోయిన పీపాల పనివాళ్ల ఆస్తి జాబితాలు మొదలుపెట్టాను. ప్రస్తుతానికి 'ఫ్రెంచ్ కుర్రాడు' అని పేరు లేకుండా రాసిన పద్దు ఒకటి తగిలింది. ఆ యజమాని భార్య పుట్టింటివాళ్లెవరో ఇప్పుడు చూస్తున్నాను.