ఫ్లెక్సీ మీది స్వామి

మొన్న సర్పంచ్ ఎలక్షన్లల్ల మా చిన్నాయన నిలబడ్డడు. దేవరకొండ దిక్కు ఊరు, కత్తెర గుర్తు. ఆయనకు ఇల్లు కట్టినా, బిడ్డ పెండ్లి చేసినా అన్నీ ఒక్క స్వామి చెప్పినట్టే. ఫ్లెక్సీల కూడా చిన్నాయన కంటే స్వామి బొమ్మే పెద్దగుండె.

పోలింగ్‌కు వారం ముందు ఆ స్వామి ఒక కులాన్ని తిట్టిన పాత వీడియో ఊరి వాట్సాప్ గ్రూపుల పడ్డది. తెల్లారేసరికి ఫ్లెక్సీ మీద స్వామి మొహానికి తెల్లకాగితం. మైదపిండి ఇంక ఆరలే. కింద గడ్డం కనబడుతనే ఉంది.

నాకు ఒబామా యాదికొచ్చిండు. 2008ల అమెరికా అధ్యక్ష ఎన్నికలకు నిలబడ్డప్పుడు ఆయనకూ ఇదే తిప్పలు. తన పెండ్లి చేసి, బిడ్డలకు బాప్తిస్మం ఇచ్చిన పాస్టర్ జెరెమయా రైట్ అమెరికాను తిట్టిన ప్రసంగాలు టీవీలల్ల మోగినయి. మార్చి 18న ఫిలడెల్ఫియాల మాట్లాడుకుంట, ఆ మాటలు తప్పన్నడు గానీ మనిషిని వదులుకోనన్నడు. ఏప్రిల్ ఆఖర్ల పాస్టర్ మళ్ల మైకు పట్టంగనే తెగదెంపులు చేసుకున్నడు. మే నెల ముగిసేలోపు చర్చి కూడా విడిచిండు. లెక్కేసుకునే చేసిండు అనుకోండ్రి, కానీ నోరు తెరిచి చెప్పిండు.

"నువ్వు కూడా ఆ వాడకు పోయి ఒక్క మాట చెప్పరాదే చిన్నాయనా" అన్న.

"తప్పంటే గురుద్రోహి అంటరు, ఒప్పంటే ఓటెయ్యరు. ఏం చెప్పాల్రా?"

41 ఓట్లతోని ఓడిండు. ఆ ఫ్లెక్సీ ఇప్పుడు బర్రెల కొట్టం మీద కప్పిన్రు. వానకు కాగితం ఊడింది, స్వామి నవ్వుతుండు.