రెండు గడుల జాబితా

ఆదివారం. తెల్లవారుజాము నుంచి పట్టిన ముసురు వదలకపోవడంతో ఇవాళ గడప దాటలేదు. వంట ముగించుకుని, మా ఇంటికి గంట దూరంలోనే ఉన్న మౌంట్ వెర్నన్ కమతాల యజమాని, అమెరికా తొలి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ కాగితాలు చదవడానికి కూర్చున్నాను. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నవే దాదాపు 77,000. సేనానిగా పంపిన ఉత్తరువుల కన్నా, పొగాకు మానేసి గోధుమ వేసిన కమతగాడిగా ఆయన రాసుకున్న దినచర్య అంటేనే నాకు ఇష్టం. 1799 డిసెంబరు 13 నాటి చివరి పద్దులో మూడంగుళాల మంచు, ఈశాన్యపు గాలి, రాత్రి 28 ఫారెన్‌హీట్ డిగ్రీల చలి ఉన్నాయే గాని, అప్పటికే పట్టుకున్న గొంతునొప్పి ఊసే లేదు. మర్నాటి రాత్రికి ఆయన పోయారు.

భార్య మార్తా తామిద్దరి ఉత్తరాలను తగలబెట్టేశారు. 1775 జూన్‌లో, సేనాధిపత్యం తలకెత్తుకున్న రోజుల్లో ఆయన ఫిలడెల్ఫియా నుంచి రాసిన రెండు ఉత్తరాలు మాత్రం బల్ల సొరుగులో చిక్కుకుని బతికిపోయాయి. ఆమెను నేను తప్పు పట్టను. మా అమ్మ కూడా నాన్న ఉత్తరాలను ఎవరి కంటా పడనివ్వలేదు.

నన్ను కదలనివ్వనిది 1799 జూన్‌లో ఆయన స్వయంగా తయారుచేసిన బానిసల జాబితా. ఐదు కమతాలలోని 317 మందిలో 123 మంది ఆయన సొంతం, 153 మంది మార్తా మొదటి భర్త కస్టిస్ ఆస్తి, మిగిలినవారిలో ఎక్కువమంది పొరుగు నుంచి అద్దెకు తెచ్చుకున్నవారు. ఒక గడి తనది, పక్క గడి కస్టిస్‌లది. ప్రతి పేరుకూ ఎదురుగా వయస్సు, పని, భార్య ఏ కమతంలో ఉన్నదీ రాసి ఉన్నాయి. స్వాతంత్ర్య యుద్ధమంతా వాషింగ్టన్‌ను వెన్నంటి ఉన్న బానిస విలియం లీ, రెండు మోకాళ్ళూ దెబ్బతిని, ఇక్కడ చెప్పులు కుట్టేవాడిగా కనిపిస్తాడు. వీలునామాలో అతనికి తక్షణ విముక్తి, ఏటా 30 డాలర్లు దక్కాయి. తన గడిలోని తక్కినవారికి మార్తా తదనంతరం స్వేచ్ఛ అని వాషింగ్టన్ రాశారు. ఆమె 1801 జనవరి 1నే వారిని విడిచిపెట్టారు. రెండవ గడివారిని విడిచే హక్కు చట్టం ప్రకారం భార్యాభర్తలిద్దరికీ లేదు కనుక, 1802లో ఆమె పోయాక వారు మనవల మధ్య పంపకమైపోయారు. భర్త ఈ గడిలో, భార్య ఆ గడిలో ఉంటే, పిల్లలు తల్లి గడికే చెందుతారు.

ఒక్కొక్క జంటనూ వేలితో కలుపుకుంటూ చదివాను. దీపం పెట్టే వేళకు ఒక్క కమతమే పూర్తయింది.