పడుకునే ముందు రెండు పుస్తకాలు: మూడు నెలల నోట్స్

మొదటి నెల

పాపకి మూడేళ్లు, బాబుకి పది నెలలు. రోజూ రాత్రి పడుకునే ముందు రెండు పుస్తకాలు చదవాలని పెట్టుకున్నాను. లైబ్రరీ నుంచి ఒకేసారి 8 తెచ్చాను, అన్నీ కథ బాగుందా లేదా అని చూసి ఎంచుకున్నవే. వాటిలో పాప చివరిదాకా విన్నవి 2. మిగతావి నాలుగో పేజీ దాటకుండానే మూసేసింది.

అందుకని ఒక చిన్న నోట్‌బుక్ పెట్టాను. పుస్తకం పేరు, పేజీకి సుమారు ఎన్ని మాటలు, చదవడానికి ఎన్ని నిమిషాలు, పాప ఎక్కడ లేచిపోయింది, మర్నాడు మళ్లీ అడిగిందా, ఇంతే రాస్తాను. రెండు వారాలకే ఒక సంగతి తేలింది. పేజీకి 40 మాటలు దాటిన పుస్తకం ఒక్కటీ పూర్తవలేదు. 20 లోపు ఉన్నవి చాలావరకు నిలబడ్డాయి. ఐదారు నిమిషాల్లో అయిపోయేది మాకు సరిపోతోంది.

బాబు సంగతి వేరు. పల్చటి కాగితం పుస్తకం చేతికిస్తే క్షణంలో మూల కొరికేశాడు. నోట్లో వేలు పెట్టి ఆ ముక్క బయటికి తీసేదాకా నాకు ఒకటే టెన్షన్. ఆ రోజు నుంచి వాడికి దళసరి అట్ట పుస్తకాలే. మూలలు గుండ్రంగా ఉన్నాయా, అతికించినవేమైనా ఊడేలా ఉన్నాయా అని వేలితో తడిమి చూసుకుంటాను. పేజీకి ఒకే పెద్ద బొమ్మ, వెనక ఖాళీ రంగు ఉంటే వాడి చూపు నిలుస్తోంది.

రెండో నెల

మాటలు తక్కువుంటే చాలనుకుని తెచ్చినవాటిలో కూడా కొన్ని పాపకి నచ్చలేదు. ఎందుకా అని వాటిని పక్కపక్కన పెట్టి చూశాను. ‘కుక్క పరిగెత్తింది’ అని రాసి ఉన్నచోట బొమ్మలోనూ కుక్క పరిగెత్తుతోంది, అంతే. పాప వెతుక్కోవడానికి ఏమీ లేదు.

తనకి నచ్చిన పుస్తకంలో ఒక అవ్వ ఇల్లంతా గొడుగు కోసం వెతుకుతూ ఉంటుంది. ప్రతి పేజీలో ఏదో ఒక మూల ఎలుక ఆ గొడుగుని కన్నం వైపు లాక్కుపోతూ ఉంటుంది. కథలో ఎలుక ఊసే లేదు. రెండు రాత్రులు చదివినా నా కంట పడలేదు. మూడో రాత్రి పాప నా వేలు పట్టుకుని మంచం కోడు దగ్గరికి జరిపి, “ఇక్కడుంది కదా, అవ్వకి చెప్పు” అంది. మళ్లీ మొదటి పేజీకి వెళ్లి ఎలుకని ఒక్కో పేజీలో పట్టుకుంది. ఆ పుస్తకం వరసగా 11 రాత్రులు చదివాం.

అప్పటినుంచి పుస్తకం తీసుకునేముందు రాత మీద చెయ్యి అడ్డం పెట్టి బొమ్మలు మాత్రం చూస్తున్నాను. కథ సగమైనా అర్థమవ్వాలి, రాతలో లేనిది ఒక్కటైనా కనబడాలి. పేజీ తిప్పకముందు ‘తర్వాత ఏమవుతుంది’ అనిపించాలి. బొమ్మల పుస్తకాలు చాలావరకు 32 పేజీలే. పెద్ద కాగితం మీద అచ్చువేసి మడిచి కత్తిరిస్తారు కాబట్టి పేజీలు 8, 16 లెక్కన వస్తాయి. పేరు, వివరాలు పోగా కథకి డజను పైచిలుకు జతల పేజీలే మిగులుతాయి. అంత తక్కువ చోటులో ఒక్క మలుపు వృథా అయినా పాప కదిలిపోతుంది.

చదవడం కూడా మార్చాను. 1988లో అమెరికా మనస్తత్వవేత్త వైట్‌హర్స్ట్ బృందం రెండు మూడేళ్ల పిల్లల తల్లిదండ్రులకు, చదివేటప్పుడు ప్రశ్నలడిగి పిల్లల చేత మాట్లాడించమని నేర్పితే, నెలరోజుల్లోనే ఆ పిల్లలు మాటల్లో ముందుకు వెళ్లారు. నేను ‘ఇదేంటి?’ అని అడిగితే పాప ఒక్క మాటతో సరిపెట్టేది. ‘ఎలుక ఏం చేస్తోంది?’ అంటే వాక్యం వస్తోంది. పేజీకి ఒక్క ప్రశ్నే. రెండో ప్రశ్నకి విసుక్కుంటోంది.

మూడో నెల

భాష దగ్గర గట్టి పాఠమే నేర్చుకున్నాను. బొమ్మలు చక్కగా ఉన్న అనువాద పుస్తకం ఒకటి తెచ్చాను. లోపల ‘వెళ్ళెను’, ‘పలికెను’, అన్నీ అవే. చదివేటప్పుడు ‘వెళ్లింది’, ‘అంది’ అని మార్చుకుంటూ పోయాను. ఒక్కో రాత్రి ఒక్కోలా చదివేసరికి ఐదో రోజు పాప, “అలా కాదు, నిన్న వేరే చెప్పావు” అని ఆపేసింది. అది నిజమే. తనకి ప్రతి మాటా గుర్తుంటుంది. ఇప్పుడు మార్పులు మొదటి రోజే పెన్సిల్‌తో చిన్న చీటీ మీద రాసి పేజీకి అంటిస్తున్నాను. తెచ్చేముందే రెండు పేజీలు పెదవులు కదిపి చదువుతున్నాను. నోరు తిరగని పుస్తకం ఎంత అందంగా ఉన్నా తీసుకోవట్లేదు.

ఈ వారం మాటలు అసలే లేని పుస్తకం తెచ్చాను. కథ పాపే చెప్పింది, 9 నిమిషాలు. మర్నాడు అవే బొమ్మలకి వేరే కథ చెప్పింది.

బాబు అడుగులు వేస్తున్నాడు. అట్ట పుస్తకం పట్టుకుని, నా వైపు వీపు పెట్టి, వెనక్కి వెనక్కి నడుచుకుంటూ వచ్చి ఒళ్లో కూలబడుతున్నాడు.