సౌండ్ అనే ఒక్క మాటతో మారిన నా ఇంగ్లిష్ ప్రిపరేషన్

తోటి అభ్యర్థులకు నమస్కారం. ఇంటర్ వరకు తెలుగు మాధ్యమంలో చదివి, డిగ్రీ పూర్తయ్యాక కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష ఎస్‌ఎస్‌సీ సీజీఎల్‌కు సిద్ధమైనవారిలో నేనూ ఒకదాన్ని. గణితం, రీజనింగ్ ఎలాగో నెట్టుకొచ్చినా, మొదటి దశ అయిన టైర్-1లో 25 ప్రశ్నలకు 50 మార్కులుండే ఇంగ్లిష్ విభాగం దగ్గర ప్రతి మాక్ టెస్టులోనూ వెనకబడేదాన్ని. రోజుకు ముప్పై మాటల చొప్పున, ఎడమవైపు ఇంగ్లిష్ పదం, కుడివైపు తెలుగు అర్థం రాసుకుని బట్టీపట్టడమే పదసంపద పెంచుకోవడమని అప్పట్లో నమ్మేదాన్ని. ఆ పట్టికలో సౌండ్ ఎదురుగా శబ్దం అని రాసి ఉంది.

ఒక మాక్ టెస్టులో, కమిటీ ఒక ప్రతిపాదనను పరిశీలించి అది ఆర్థికంగా 'సౌండ్' అని తేల్చిందన్న వాక్యమిచ్చి, ఆ మాటకు సమానార్థకం అడిగారు. ఇచ్చిన నాలుగింటిలో సరైన జవాబైన రోబస్ట్, అంటే దృఢమైనది, కూడా ఉంది. నేను మాత్రం వినపడేది అన్న అర్థమున్న ఆడిబుల్‌ను గుర్తించాను. రావలసిన 2 మార్కులు పోవడమే కాక మరో 0.50 కోత పడింది. మార్కుల కన్నా, చిన్నప్పటి నుంచీ తెలుసనుకున్న మాట దగ్గర తప్పు చేయడం నన్ను ఎక్కువగా బాధించింది.

ఆ సాయంత్రం చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో పెద్ద ఇంగ్లిష్ నిఘంటువు తీసి చూస్తే, సౌండ్ అన్న పదం ఒకచోట కాదు, వరుసగా నాలుగుసార్లు కనిపించింది. ప్రతిసారీ పదం భుజం మీద 1, 2, 3, 4 అని చిన్న అంకె ఉంది. ఒకే మాటకు నాలుగు అర్థాలుంటే ఒకే పదం కింద ఇచ్చేవారు. ఇక్కడున్నవి నాలుగు దారుల్లో వచ్చి ఒకే స్పెల్లింగులో కలిసిన నాలుగు వేర్వేరు మాటలు. మన 'పాలు' అన్న మాటను తలచుకుంటే ఇది సులువుగా బోధపడుతుంది. గేదె పాలు, ఆస్తిలో పాలు, అప్పులపాలు అన్నప్పుడు మనం క్షణం కూడా తడబడం, ఎందుకంటే పక్కనున్న మాటే మనకు అర్థం చెప్పేస్తుంది.

మొదటి సౌండ్ లాటిన్‌లోని సోనస్ నుంచి వచ్చిన శబ్దం. దీని సమానార్థకాలను ఒకే గాటన కట్టకూడదని నాకు తెలుగే నేర్పింది. శబ్దం, సవ్వడి, రొద, హోరు ఒకటి కావని మనకు తెలుసు కదా. అలాగే సౌండ్ మామూలు శబ్దమైతే, నాయిస్ వినడానికి ఇబ్బంది కలిగించే రొద, డిన్ ఆగకుండా చెవులు హోరెత్తించే మోత.

రెండోది పరీక్షల్లో మనల్ని ఎక్కువగా దెబ్బతీసేది. పాత ఇంగ్లిష్‌లో గెసుండ్ అంటే ఆరోగ్యంగా, చెక్కుచెదరకుండా ఉన్నది అని అర్థం. తుమ్మినవారితో జర్మన్లు నేటికీ గెజుండ్‌హైట్ అంటారు, తుమ్మిన పిల్లలను మన పెద్దలు చిరంజీవ అని దీవించినట్టుగా. ఈ సౌండ్‌కు పక్కనున్న మాటను బట్టి సమానార్థకం మారిపోతుంది. భవనం సౌండ్‌గా ఉంటే సాలిడ్, వాదన సౌండ్ అయితే వ్యాలిడ్, సలహా అయితే రిలయబుల్, నిద్ర అయితే డీప్, దెబ్బలైతే థరో. ఇది చదువుతున్నప్పుడే, ఒక పెళ్లి సంబంధం గురించి మా మేనమామ మా అమ్మతో "అవతలివాళ్లు మంచి సౌండ్ పార్టీ అక్కా" అన్న మాట గుర్తొచ్చింది. డబ్బున్నవారిని సౌండ్ పార్టీ అని ఎందుకంటారో నేనెన్నడూ ఆలోచించలేదు. మాక్ టెస్టులో నేను తప్పుచేసిన అర్థం మా ఇంట్లో ఎప్పటినుంచో వాడుకలో ఉన్నదే.

పాలిటీ, చట్టాలు చదివేవారికి ఇదే మాట మళ్లీ ఎదురవుతుంది. భారత కాంట్రాక్టు చట్టం 1872లోని 11వ సెక్షన్ ఒప్పందం చేసుకునే వ్యక్తికి సౌండ్ మైండ్ ఉండాలంటుంది, 12వ సెక్షన్ దాన్ని నిర్వచిస్తుంది. పార్లమెంటు సభ్యుల అనర్హతలను చెప్పే రాజ్యాంగం 102వ అధికరణంలో అన్‌సౌండ్ మైండ్ అన్న మాట ఉంది. మతిస్థిమితం అని తెలుగులో చదువుకున్న భావం ఇదే కనుక, అక్కడి నుంచి సేన్ అన్న సమానార్థకం దానంతట అదే గుర్తుండిపోయింది.

మూడోది ఫ్రెంచి నుంచి వచ్చిన క్రియ, లోతు కొలవడం. పూర్వం నావికులు తాడుకు సీసపు గుండు కట్టి నీటిలోకి వదిలి అడుగు ఎంత దూరంలో ఉందో చూసేవారు. ప్లమ్, ఫాథమ్ దీనికి సమానార్థకాలు. గోడ నిలువు సరిచూడడానికి మేస్త్రీ దారానికి వేలాడదీసే గుండును తలచుకుంటే ప్లమ్ మరిచిపోరు. ఒకరి అభిప్రాయాన్ని నెమ్మదిగా ఆరా తీయడాన్ని సౌండ్ ఔట్ అనడమూ ఈ కోవలోదే. 1963 నవంబరు 21న తుంబా నుంచి ప్రయోగించిన నైకీ-అపాచీని సౌండింగ్ రాకెట్ అని జనరల్ స్టడీస్‌లో ఎన్నిసార్లో చదివాను, పెద్ద శబ్దం చేస్తుంది కనుక ఆ పేరనుకున్నాను. నావికుడి గుండు సముద్రపు లోతును చూసినట్టు, ఆ రాకెట్ పరికరాలతో పై వాతావరణాన్ని కొలుస్తుంది, ఆ పేరు అందుకే వచ్చింది.

నాలుగోది పాత స్కాండినేవియా భాష అయిన నార్స్ నుంచి వచ్చిన జలసంధి. సియాటెల్‌లో ఉద్యోగాలు చేస్తున్న మనవాళ్లు చెప్పే ప్యూజెట్ సౌండ్‌లో ఉన్నది ఇదే. పరీక్షలో దీని అవసరం తక్కువ, స్ట్రెయిట్, ఇన్‌లెట్ గుర్తుంటే చాలు.

ఆ తర్వాత నా నోటుపుస్తకం పద్ధతి మార్చుకున్నాను. ఒక మాటకు ఒక పేజీ కేటాయించి, అర్థం రాయడానికి ముందు దాని పక్కన తరచుగా వచ్చే మాటలను రాసేదాన్ని. ప్రతి జంటకూ సరిపోయే సమానార్థకాన్ని అదే వరుసలో పెట్టి, ఆ వాక్యంలో అసలు మాటను తీసేసి దీన్ని ఉంచినా భావం నిలుస్తుందో లేదో చదివి చూసేదాన్ని. సౌండ్ స్లీప్‌లో వ్యాలిడ్ పెడితే వాక్యం నిలవదు, డీప్ పెడితే నిలుస్తుంది. రోజుకు ముప్పై మాటలు నాలుగుకు తగ్గాయి. మొదట్లో భయమేసినా, ఒకే పదాన్ని మూడు వాక్యాల్లో వాడి ఏవి సరైనవో గుర్తించమనే బ్యాంకు పరీక్షల ప్రశ్నలకు కూడా ఆ నాలుగే ఎక్కువగా అక్కరకొచ్చాయి. టైర్-2లో ఇంగ్లిష్‌కు 45 ప్రశ్నలు, తప్పుకు 1 మార్కు కోత ఉన్నప్పుడు, సగం తెలిసిన ముప్పై మాటలకన్నా పూర్తిగా తెలిసిన నాలుగు మాటలు మేలని నా గట్టి అభిప్రాయం.

సౌండ్ తర్వాతి పేజీలో ఫైన్ రాశాను. మేలైనది అన్న అర్థానికీ జరిమానాకూ నిఘంటువులో వేర్వేరు అంకెలున్నా, రెండూ ముగింపు అన్న అర్థమున్న లాటిన్ ఫినిస్ నుంచే వచ్చాయి. ఒకటి పనితనాన్ని పరిపూర్ణం చేసిన ముగింపు, మరొకటి సొమ్ము చెల్లించి తగవును తీర్చుకున్న ముగింపు. అందుకని ఆ పేజీలో రెండు వరుసలనూ కలుపుతూ పైన ఒక గీత గీశాను.