స్కాజిట్ ఒడ్డున గద్దల విందు

సియాటిల్ వైపు ఉండే తెలుగువాళ్ళకి స్కాజిట్ అనగానే ఏప్రిల్‌లో ట్యూలిప్ తోటలు గుర్తొస్తాయి. మేం మాత్రం జనవరిలో, అదే స్కాజిట్ నది వెంట ఇంకా పైకి, కొండల్లోకి వెళ్ళాం. బర్లింగ్టన్ దగ్గర 20వ నంబరు హైవే ఎక్కి, కాంక్రీట్ దాటి (ఊరి పేరే అది, ఒకప్పుడు అక్కడ సిమెంట్ ఫ్యాక్టరీలు ఉండేవి) రాక్‌పోర్ట్‌లో ఆగేసరికి సన్నగా తుంపర. కారు తలుపు తీయగానే నీచు వాసన గుప్పుమంది.

"ఇంత చలిలో చచ్చిన చేపలు చూపించడానికా బాబూ తీసుకొచ్చింది?" అన్నారు మా అత్తగారు, శాలువా ముక్కుకి అడ్డం పెట్టుకుని.

అసలు సంగతి ఆ చేపలే. చమ్ రకం సాల్మన్లు కొన్నేళ్ళు సముద్రంలో తిరిగి, గుడ్లు పెట్టడానికి పుట్టిన నదికే వస్తాయి. మంచినీళ్ళలోకి వచ్చాక తిండి మానేస్తాయి, గుడ్లు పెట్టాక చచ్చిపోతాయి. అలాస్కా, బ్రిటిష్ కొలంబియాల నుంచి బాల్డ్ ఈగిల్స్ (తెల్లతల గద్దలు) ఇంత దూరం వచ్చేది ఈ విందుకే. పెద్ద వరదొచ్చి చేపలు కొట్టుకుపోతే అవీ వేరేచోటు వెతుక్కుంటాయి.

శని, ఆదివారాల్లో వాలంటీర్లు రోడ్డు పక్కనే టెలిస్కోపులు పెడతారు. చలికాలంలో గద్దలు ఒంట్లో శక్తి దాచుకోవాలి, మనం ఒడ్డుకి దిగి వాటిని లేపకూడదు. టెలిస్కోపులో చూస్తే గులకరాళ్ళ మీద ఒక మగ చేప కనిపించింది. చర్మం తెల్లగా పాలిపోయి, వంకర దవడలోంచి కుక్కపళ్ళలాంటి పళ్ళు బయటికొచ్చి ఉన్నాయి. ఒక తెల్లతల గద్ద దాని మీద కాలు వేసి పీక్కుతింటోంది. ఇంతలో ఇంకా తల తెల్లబడని గోధుమరంగు కుర్రగద్ద (తెల్లబడటానికి దాదాపు ఐదేళ్ళు పడుతుంది) గోళ్ళు చాపి మీదికి దూకింది. రెక్కలు టపటపలాడాయి, నీళ్ళు చిమ్మాయి. పెద్దది అరిచింది చూడండి, కీచుకీచుమని, కోడిపిల్ల గొంతు! చివరికి చేప కుర్రదానికే దక్కింది.

ఈ పక్షి గుణం మంచిది కాదని, వేరే పక్షి పట్టిన చేప లాక్కుంటుందని బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1784లో కూతురికి ఉత్తరం రాశాడు. ఆయన మరీ అన్యాయంగా ఏమీ అనలేదు. కానీ డాలరు నోటు మీది దీని బొమ్మలోని ఠీవి కన్నా ఈ ఆకలి, ఈ కొట్లాటే నాకు నచ్చాయి. డీడీటీ అనే పురుగుమందు వల్ల గుడ్ల పెంకులు పలచబడి, అమెరికాలో చాలాచోట్ల దాదాపు మాయమైపోయిన పక్షి ఇది. 1972లో ఆ మందుని నిషేధించారు, 2007లో దీన్ని ప్రమాదంలో ఉన్న జీవుల జాబితాలోంచి తీసేశారు.

పదకొండు దాటాక ఎండ వచ్చింది. గద్దలన్నీ గాలి ఎక్కి కొండల పైకి చుక్కలైపోయాయి. వెళ్ళేవాళ్ళు మబ్బు పట్టిన రోజు, పొద్దున్నే వెళ్ళండి. మా అత్తగారిని టెలిస్కోపు దగ్గర్నుంచి కదిలించడానికి మాత్రం కారులో పులిహోర ఉందని గుర్తుచేయాల్సి వచ్చింది.