స్నానాలగదిలో మూగబోయిన స్కానర్

2019 అక్టోబరు 20, ఆదివారం రాత్రి తొమ్మిది గంటల వేళ మా ఊళ్లో సైరన్లు మోగాయి. మాది డాలస్‌ను ఆనుకుని ఉన్న రిచర్డ్‌సన్. టోర్నడో వస్తే కిటికీలు లేని లోపలి గదిలో దాక్కోవాలని ఇక్కడ బడిపిల్లలకు కూడా తెలుసు. మా ఇంట్లో అలాంటి చోటు కింది స్నానాలగది ఒక్కటే. నేను, మా వారు, మా అబ్బాయి ఒక పరుపు, టార్చి, నా చేతి స్కానర్ (వాతావరణ హెచ్చరికలు, విమానాల మాటలు వంటి ప్రసారాలను పట్టి వినిపించే చిన్న రేడియో) పట్టుకుని లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాం. తలుపు వేయగానే స్కానర్ గరగరలాడింది.

అంతకు నిమిషం ముందు హాల్లో 162.400 మెగాహెర్ట్జ్ మీద వాతావరణ శాఖ ప్రసారం గంట కొట్టినట్టు వినబడింది. లోపల ఒక మాట వినబడితే మూడు మాటలు పోయాయి. సుడి ఏ వీధి దాటింది, ఎటు తిరిగింది అని చెప్పే మాటలే పోయాయి. ఇంతలో కరెంటు కూడా పోయింది. ఆ రాత్రి వచ్చినది ఈఎఫ్-3 తీవ్రత గల టోర్నడో, అంటే సున్నా నుంచి ఐదు దాకా ఉన్న కొలతలో మూడో మెట్టు. ఉత్తర డాలస్‌లో ఇళ్లనూ బడులనూ చీల్చుకుంటూ రిచర్డ్‌సన్ దాకా వచ్చింది. అదృష్టవశాత్తు ఒక్క ప్రాణం కూడా పోలేదు. మా ఇల్లు క్షేమంగా ఉంది. కానీ ఏ గదిలో రేడియో నాకు అత్యవసరమో సరిగ్గా ఆ గదిలోనే అది మూగబోయిందన్న సంగతి నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు.

స్కానర్ కొనాలనుకునేవారు నన్ను మొదట అడిగే ప్రశ్న, "ఇది ఎన్ని మైళ్లు అందుకుంటుంది?" అని. ఆ ప్రశ్నకు స్కానర్‌లో జవాబు ఉండదు. ఈ తరంగాలు దాదాపు చూపులాగే తిన్నగా పోతాయి, భూమి వంపు అడ్డం వస్తే ఆగుతాయి. యాంటెనా ఎత్తు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.12తో హెచ్చవేస్తే ఎన్ని కిలోమీటర్ల దాకా చూపు ఆనుతుందో సుమారుగా తెలుస్తుంది. చేతిలో పట్టుకున్న స్కానర్‌కు అది ఐదు కిలోమీటర్లు. అవతలి వైపు ఎత్తుకు కూడా ఇలాగే లెక్కగట్టి రెండూ కలపాలి. పది వేల మీటర్ల ఎత్తున పోయే విమానానికి 412 కిలోమీటర్లు వస్తుంది. అందుకే మా పెరట్లో నిలబడి పక్క రాష్ట్రం ఓక్లహోమా మీదుగా పోతున్న పైలట్ గొంతు వినగలను, అతనికి జవాబిచ్చే కంట్రోలర్ గొంతు మాత్రం వినలేను. అతను నేల మీద, చాలా దూరాన ఉంటాడు మరి.

మా నాన్నకు ఈ సంగతి చెబితే మొదట నమ్మలేదు. మాది అవనిగడ్డ. 1977 నాటి ఉప్పెన చూసినవాడు కనుక నాన్న తుపాను రోజుల్లో రేడియో పక్కన లేకుండా పడుకునేవాడు కాదు. ఇంటి మీద రెండు వెదుళ్ల మధ్య రాగి తీగ కట్టి, దాని కొస కిందికి దించి, 837 కిలోహెర్ట్జ్ మీద విజయవాడ కేంద్రాన్ని పట్టేవాడు. ఆ తరంగం పొడవు 358 మీటర్లు. అంత పొడవైన తరంగం నేలను అంటిపెట్టుకుని వంపు వెంట పాకుతుంది. అక్కడ తీగ ఎంత పొడవుంటే అంత మంచిది. నా 162 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు రెండు మీటర్లకు కాస్త తక్కువ. దానికి నాలుగో వంతు, అంటే 46 సెంటీమీటర్ల కడ్డీ సరిపోతుంది. స్కానర్‌తో వచ్చే రబ్బరు యాంటెనా జేబులో పట్టడానికి వీలుగా ఆ పొడవునంతా స్ప్రింగులా చుట్టి కుదించినది. చేతికి అనువే, చెవికి నష్టం.

"ఏరియల్ ఒక్కటే కాదమ్మా, ఎర్త్ వేశావా?" అన్నాడు నాన్న ఫోనులో. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. తరవాత ఆలోచిస్తే ఆయన మాటే నిజం. చేతి స్కానర్‌కు కింద ఆసరా ఏదీ ఉండదు, మన చెయ్యే ఆసరా. 45 సెంటీమీటర్ల మామూలు తీగను యాంటెనా మొదట్లో ఉండే లోహపు చుట్టుకు బిగించి, తోకలా కిందికి వేలాడదీశాను. స్క్వెల్చ్ (బలహీనమైన సంకేతాన్ని, గరగరను వినబడకుండా ఆపే అమరిక) దాటలేక తెగిపోతున్న ప్రసారం వంటింట్లో నిలకడగా వచ్చింది. పది పైసల ఖర్చు లేని పని. ఇది మాత్రం ఎవరైనా ముందు చేసి చూడాలని గట్టిగా చెబుతాను. స్కానర్‌ను బల్ల మీద పడుకోబెట్టకుండా నిలబెట్టడం కూడా అంతే ముఖ్యం. మనం వినే ప్రసారాల్లో ఎక్కువ భాగం నిలువు యాంటెనాల నుంచి వస్తాయి.

స్నానాలగదికి మాత్రం తోక చాలలేదు. రెండు వైపులా 44 సెంటీమీటర్ల రాగి కడ్డీలతో డైపోల్ అనే యాంటెనా చేసి అటక మీద నిలువుగా కట్టాను. ఎత్తు పెరిగింది కదా, బ్రహ్మాండంగా ఉంటుందనుకున్నాను. హాలు కిటికీ దగ్గర వచ్చినంత కూడా రాలేదు. రెండు వారాంతాలు జాయింట్లు మళ్లీ మళ్లీ కరిగించి అతికాను. మూడోసారి ఎక్కినప్పుడు టార్చి వెలుగు కప్పు చెక్కల మీద పడి తళతళా మెరిసింది. టెక్సస్ ఎండకు ఇల్లు వేడెక్కకుండా కప్పు లోపల అల్యూమినియం రేకు అంటించిన చెక్కలు వేస్తారు. ఎండను ఆపినట్టే ఆ రేకు తరంగాన్నీ ఆపుతోంది. పక్క గోడ కొసన గాలి కోసం పెట్టిన చెక్క జాలీ ఉంది, దానికి రేకు లేదు. డైపోల్‌ను అక్కడికి జరిపాను. జరిపిన దూరం నాలుగు మీటర్లు, అంతే. గరగర మొత్తం పోయింది.

అటక మీది డైపోల్ నుంచి స్నానాలగదికి దించే కేబుల్ విషయంలో కూడా ఒక మాట. సన్నటి ఆర్‌జి-58 కేబుల్ పదిహేను మీటర్లు వేస్తే ఈ పౌనఃపున్యం దగ్గర దాదాపు సగం శక్తి దారిలోనే పోతుంది. నేను టీవీకి వాడే ఆర్‌జి-6 వేశాను. దాని అవరోధం (ఇంపీడెన్స్) 75 ఓములు, స్కానర్‌ది 50 ఓములు. వినడానికి ఆ తేడా లెక్కలోది కాదు, నష్టం మాత్రం దాదాపు సగానికి తగ్గుతుంది.

పెద్ద యాంటెనా అన్ని వేళలా మేలు చేయదు. స్కానర్‌ను అదే డైపోల్‌కు తగిలించి విమానాల బ్యాండు వింటే పైలట్ మాటల వెనక ఎఫ్ఎం పాటలు వినబడ్డాయి. 88 నుంచి 108 మెగాహెర్ట్జ్ దాకా ఉన్న స్టేషన్ల బలం ఈ చిన్న రిసీవర్ తట్టుకోలేదు. ఎఫ్ఎం బ్యాండును అడ్డుకునే చిన్న ఫిల్టరు మధ్యలో పెట్టాక పాటలు ఆగాయి. కొన్ని స్కానర్లలో లోపలికి వచ్చే సంకేతం బలాన్ని తగ్గించే అటెన్యుయేటర్ మీట ఉంటుంది, దాన్ని నొక్కి చూసినా తేడా తెలుస్తుంది.

కేబుల్ కొస ఇప్పుడు స్నానాలగది అలమారలో ఉంది. బుధవారం వాతావరణ శాఖ వారం వారం ఇచ్చే పరీక్షా హెచ్చరిక వేళకు నేను లోపలికి వెళ్లి తలుపు వేసుకుని, తొట్టిలో దిగి కూర్చుని, నాన్నకు ఫోను చేశాను. అక్కడ రాత్రి పది. 1050 హెర్ట్జ్ కూత స్కానర్‌లోంచి తీగ లాగినట్టు వచ్చింది. ఆ వెనకే ప్రకటన, ఒక్క అక్షరం పోకుండా.

"ఇప్పుడు తలుపు తియ్యి, తేడా ఏమైనా ఉందేమో చూడు" అన్నాడు నాన్న. తీశాను. ఏ తేడా లేదు.